ఆయిల్ పెరిగిన బండి

డిసెంబరు 9, శనివారం. హోసూరు, మా చెల్లెలి ఇల్లు.

ఉన్నవాళ్లు: నేను, మా చెల్లెలు, ఆమె కొడుకు, మూకండపల్లి నుంచి వచ్చిన మెకానిక్.

ముందు తేదీ, ఆ తర్వాత ఎవరెవరు ఉన్నారన్నది. డైరీలో ఏ రోజు గురించి రాసినా ఇలాగే మొదలుపెడతాను. ఇది ఉద్యోగం పెట్టిన అలవాటు. హోసూరులో ఒక వాహనాల ఫ్యాక్టరీలో, ఇంజన్లను పరీక్షించే విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. కొత్త ఇంజన్‌ను స్టాండు మీద బిగించి నడిపేటప్పుడు ఆ గదిలో ఎవరెవరు నిలబడ్డారో కాగితం మీద రాసిన తర్వాతే స్విచ్ వేసేవాళ్లం. రేపు ఏదైనా తేడా వస్తే అడగడానికి మనుషులు కావాలి కదా. ఉద్యోగం అయిపోయినా ఆ వరుస నన్ను వదల్లేదు. కృష్ణగిరిలో మా ఇంటి వరండాలో కూర్చుని ఈ సంగతి రాసుకున్నప్పుడు కూడా ముందు ఆ నలుగురినే రాశాను. బండి యజమాని అప్పటికి లేడు. అతనుంటే ఇది రాయవలసిన పనే ఉండేది కాదు.

బండి మా బావది, అంటే మా చెల్లెలి భర్తది. పాత చిన్న కారు. స్టీరింగ్ పక్కన చోక్ పిడి ఉండే కాలం నాటిది. చలిలో ఆ పిడి లాగితే ఇంజన్‌లోకి గాలి తగ్గి పెట్రోలు ఎక్కువ పోతుంది, త్వరగా అంటుకుంటుంది. కాస్త వేడెక్కగానే పిడిని మళ్లీ లోపలికి తోసెయ్యాలి. బావ ఆ కారును ఆదివారం పూట తన చేత్తోనే కడిగేవాడు, ఇంకొకరిని ముట్టుకోనిచ్చేవాడు కాదు. మామిడికాయల కాలంలో వేప్పనపల్లి పక్కన మా ఊరికి పోయి, డిక్కీ నిండా కాయలు వేసుకుని, వచ్చే దారిలో కృష్ణగిరిలో నాకు సగం దించి పోయేవాడు.

పోయిన చలికాలం, ఒకరోజు తెల్లవారే ముందు, అతనికి గుండెల్లో నొప్పి వచ్చింది. కొడుకు పరుగున పోయి కారు తీయబోయాడు. అది దగ్గింది, వణికింది, ఆగిపోయింది. మళ్లీ తిప్పాడు. మళ్లీ ఆగిపోయింది. చివరికి మెయిన్ రోడ్డు దాకా పోయి ఆటో పిలుచుకొచ్చారు. ఆస్పత్రి మెట్ల దగ్గరే అంతా అయిపోయింది. ముందే తెచ్చి ఉంటే అని డాక్టరు అనలేదు. ఎవరూ అనలేదు. అనకపోయినా ఆ మాట ఆ ఇంట్లో ఉండిపోయింది. నేను కబురు అంది కృష్ణగిరి నుంచి చేరేసరికి కారు డోరు తెరిచినట్టే ఉంది, చోక్ పిడి బయటికి లాగినట్టే ఉంది. నేనే పిడి లోపలికి తోసి డోరు మూశాను.

ఆ తర్వాత ఎవరూ దాన్ని బయటికి తీయలేదు. మా మేనల్లుడికి బెంగుళూరులో ఉద్యోగం, కంపెనీ బస్సులో పోయి వస్తాడు. కారు పక్కనుంచే గేటు దాకా నడిచి పోతాడు గాని దాని వంక చూడడు.

నవంబరులో మా చెల్లెలు ఫోన్ చేసింది.

"అన్నా, బండి పొద్దున్నే సరిగా పలకడం లేదు. దగ్గుతా ఉండాది. ఒకసారి వచ్చి చూసి పోతావా?"

ఎవరు వాడుతున్నారని అడిగాను.

"ఎవురూ వాడలేదన్నా. యాడికీ పోలేదు. ఆడనే ఉండాది."

ఎప్పుడో ఒకసారి తిప్పి చూసుకుని ఉంటారులే అనుకున్నాను. నెలల తరబడి నిలిచిపోయిన బండికి వచ్చే జబ్బులు నాకు తెలుసు. బ్యాటరీ నీరసిస్తుంది, ట్యాంకులో పెట్రోలు పాతబడుతుంది, కార్బురేటర్ సన్నని దారులు జిడ్డుతో మూసుకుపోతాయి. ఆ లెక్కనే పోయి, మెకానిక్‌ను పిలిచి, బ్యాటరీ మార్పించి, పాత పెట్రోలు తీయించి, కార్బురేటర్ కడిగించాను. ప్లగ్గులు విప్పితే మసి పట్టి ఉన్నాయి. పాతవి కదా అని కొత్తవి వేయించాను. బండి ఒక్క తిప్పుకే పలికింది. మా చెల్లెలు వంటింటి గుమ్మంలో నిలబడి కళ్లు తుడుచుకుంది. పని అయిందనుకుని సాయంత్రం బస్సెక్కాను.

పదిహేను రోజులు గడవక ముందే మళ్లీ ఫోన్. ఈసారి మరీ అన్యాయంగా ఉంది, మూడుసార్లు తిప్పితే గాని పట్టుకోలేదు, పట్టుకున్నా బండంతా ఊగిపోతోంది అంది. నేను ఇంకేదో అడిగేలోపు మేనల్లుడు ఫోన్ తీసుకున్నాడు.

"వద్దులే మామా. మీరు ఈ వయసులో బస్సులెక్కి రావద్దు. ఆదివారం పది గంటలకు కొనే మనిషి వస్తాడు, చూసుకుని తీసుకుపోతాడు. చెప్పేసినాను."

వెనకనుంచి చెల్లెలి గొంతు వినిపించింది. ఏమందో తెలియలేదు. కాసేపటికి ఆమె తన ఫోన్ నుంచి మళ్లీ చేసింది, మెల్లగా మాట్లాడింది.

"బాగయితే ఉంచుకోవాలని వానితో మాట తీసుకున్నాను. బాగు కాకుంటే వాని ఇష్టం. ఆదివారం లోపల నువ్వే చూడాలన్నా."

అందుకే శనివారం మొదటి బస్సుకు బయలుదేరాను. చలికి మొరాయించే ఇంజన్‌ను చలిలోనే చూడాలి. ఎండ ఎక్కాక చూస్తే అది పెద్దమనిషిలా ప్రవర్తిస్తుంది. శూలగిరి దాటాక బస్సు అద్దాల మీద మంచు నీరై కారుతోంది. హోసూరులో దిగి షేర్ ఆటోలో ఇల్లు చేరేసరికి ఇంకా వీధి దీపాలు ఆర్పలేదు. నేను వచ్చేదాకా బండిని ముట్టుకోవద్దని ముందురోజే మేనల్లుడికి చెప్పి ఉంచాను. ముట్టుకోలేదన్నాడు. అతను ముట్టుకోలేదన్నది నిజమే.

కారు బానెట్ మీద వీధి పిల్లి ఒకటి ముడుచుకుని పడుకుని ఉంది. దాన్ని అదిలించి, బానెట్ మీద చేయి పెట్టాను. గోరువెచ్చగా తగిలింది. పిల్లి పడుకున్న చోటు కదా అనుకున్నాను.

మెకానిక్ స్వెటరు మీద స్వెటరు వేసుకుని, తలకు మఫ్లర్ చుట్టుకుని వచ్చాడు. మూకండపల్లిలో చిన్న షెడ్డు అతనిది. నా ఈడువాడే. ఫ్యాక్టరీలో ఉన్నప్పటి నుంచి ముఖపరిచయం.

"ఏం సార్, ఇంగా రిపోర్టులు రాస్తానే ఉండారా? మీరు ఇంజన్లను వదిలినా అవి మిమ్మల్ని వదిలేట్టు లేవే."

"వదిలేవే. నువ్వే సరిగా చేసినట్టు లేదు," అన్నాను.

"నేను చేసింది మీరు పక్కన నిలబడి చూసినారు గదా సార్. తప్పయితే సగం మీకు."

తాళం తిప్పాను. సెల్ఫ్ బాగా తిరిగింది, బ్యాటరీ తప్పు కాదు. ఇంజన్ పట్టుకోబోయి వదిలేసింది. మళ్లీ తిప్పితే పట్టుకుంది గాని, ఉన్న మూడు సిలిండర్లలో రెండే పనిచేస్తున్నట్టు కుంటుతూ కొట్టుకుంది. మెకానిక్‌ల భాషలో దీన్ని మిస్సింగ్ అంటారు. వెనక సైలెన్సర్ నుంచి నల్లటి పొగ వచ్చి మంచులో కలిసింది. ఆపేశాను. మెకానిక్ ప్లగ్గులు విప్పాడు. కొత్తగా వేసిన ప్లగ్గులు మూడూ పొయ్యి మీది దాక అడుగులా నల్లగా ఉన్నాయి. వేలితో రాస్తే పొడి మసి అంటింది.

పెట్రోలు ఎక్కువవుతోందని ఇద్దరికీ అర్థమైంది. ఎందుకు ఎక్కువవుతోంది? ఎయిర్ ఫిల్టర్ చూశాం, శుభ్రంగా ఉంది. కార్బురేటర్ పోయినసారే కడిగింది. చోక్ తీగ ఎక్కడైనా పట్టేసిందేమోనని చూస్తే, కొంచెం బిగుసుగా ఉంది. మనసు పెట్టి తోస్తే గాని పిడి పూర్తిగా లోపలికి పోవడం లేదు. అది ఒక తప్పే. కాని ఎక్కడికీ పోని బండి ప్లగ్గులు ఇంత త్వరగా నల్లబడడానికి ఆ తప్పు చాలదు.

అప్పుడు ఆయిల్ ఎంతుందో చూద్దామని కొలిచే పుల్ల లాగాను. తుడిచి మళ్లీ పెట్టి లాగాను. ఆయిల్ పై గీతకు మించి ఉంది. మెకానిక్‌కు చూపించాను. అతను వేలికి రాసుకుని వాసన చూశాడు. పెట్రోలు వాసన.

"నా సర్వీసులో ఆయిల్ తాగే బండ్లు ఎన్నో చూసినాను సార్," అన్నాడు. "ఆయిల్ ఈనే బండిని ఇప్పుడే చూస్తా ఉండాను."

ఇంజన్‌లో ఆయిల్ దానంతట అది పెరగదు. ఇంకేదో వచ్చి కలవాలి. వచ్చి కలిసింది పెట్రోలు. అది రావడానికి దారులు రెండు. ఒకటి, పెట్రోలు పంపులో ఉండే రబ్బరు పొర చిరిగితే, పెట్రోలు నేరుగా కిందికి జారి ఆయిల్‌లో పడుతుంది. రెండోది, ఇంజన్ చల్లగా ఉండగానే చోక్ లాగి నడిపి, వేడెక్కక ముందే ఆపేస్తే, కాలని పెట్రోలు సిలిండర్ గోడల వెంట దిగి ఆయిల్‌లో చేరుతుంది. ఒకసారి చేస్తే ఏమీ కాదు. రోజూ చేస్తే ఆయిల్ పెరుగుతుంది, ప్లగ్గులు నల్లబడతాయి. ఎవరూ వాడని బండికి రెండో దారి ఎక్కడిది? పంపే అన్నాడు మెకానిక్. పంపే అన్నాను నేను కూడా.

అతను పంపు విప్పి, దాని పొరను తీసి వెలుతురుకు ఎత్తి పట్టాడు. ఎక్కడా చిరుగు లేదు. సాగదీసి చూశాడు, అంచులు మడిచి చూశాడు. బావ వేయించిందే అయి ఉండాలి, కొత్తదానిలా ఉంది. అతను దాన్ని నా చేతిలో పెట్టి, ఇంక మీరే చెప్పాలి సార్ అన్నట్టు చూశాడు.

నేను నడుము పట్టుకుని లేచి, బండి చుట్టూ ఒకసారి తిరిగాను. పరీక్ష గదిలో కూడా ఏమీ తోచనప్పుడు అలాగే చేసేవాణ్ని. ఇంజన్‌ను వదిలి గదిని చూడాలి. బండి వెనక కాంపౌండు గోడ. గోడంతా వానకు పాచిపట్టి, రంగు వెలిసి ఉంది. సైలెన్సర్‌కు ఎదురుగా మాత్రం పళ్లెమంత చోటు తెల్లగా ఉంది. దగ్గరికి పోయి చూస్తే సున్నం. ఒకసారి కొట్టిన సున్నం కాదు. పొర మీద పొర. పై పొర అడుగున నలుపు, ఆ నలుపు కింద మళ్లీ తెలుపు. అన్నిటికీ పైన, నేను ఇప్పుడే వదిలిన పొగకు పట్టిన కొత్త మసి.

పిల్లి మళ్లీ వచ్చి బానెట్ ఎక్కబోయి, అది తెరిచి ఉండడం చూసి గోడ మీద కూర్చుంది. వెచ్చదనం పిల్లిది కాదు. వెచ్చదనం కోసం వచ్చింది పిల్లి.

మా చెల్లెలు మా ఇద్దరికీ కాఫీ తెచ్చింది. నేను ఈసారి వేరుగా అడిగాను. బండిని ఎవరు వాడుతున్నారని అడగలేదు. పొద్దున దాన్ని ఎవరు స్టార్ట్ చేస్తున్నారని అడిగాను.

ఆమె ఆశ్చర్యంగా చూసింది, ఇంత తెలిసిన సంగతి అడుగుతున్నానేమిటని.

"నేనేగదా అన్నా. రోజూ పొద్దున్నే లేచి, పొయ్యి ముట్టించే ముందర. పలుకుతుందా లేదా అని చూసుకుంటాను. పలికినాక ఆపేస్తాను. ఊరికే పెట్రోలు ఏంటికి కాల్చాలని."

మెకానిక్ నా వంక చూసి, కాఫీ గ్లాసు కింద పెట్టి, ఏదో పనున్నట్టు కారు ముందుకు పోయి వంగాడు. అతని మర్యాద అది. చెప్పవలసింది ఏదైనా ఉంటే అన్న చెప్పాలి.

ఆమె అబద్ధం ఆడలేదు. బండి ఎక్కడికీ పోలేదు, ఎవరూ వాడలేదు. మేం పుట్టిన ఇంట్లో కూడా అంతే. మావి గొడ్లు, గొర్రెలు కాచుకున్న కుటుంబాలు. తెల్లవారకముందు మా అమ్మ పొయ్యి ముట్టించక ముందే కొట్టంలోకి పోయి ఒక్కొక్క గొడ్డు వీపు మీద చేయి వేసి లేపేది. లేచి నిలబడిన గొడ్డు బాగున్నట్టు. లేవని గొడ్డుకు ఏదో వచ్చినట్టు. లేపినంత మాత్రాన దాన్ని పనికి కట్టినట్టు కాదు. మా నాన్న పోయిన తర్వాత, ఆయన చేతికి అలవాటుపడిన ఎనుము పాలు చేపకపోతే, అమ్మ ఆయన కంబళి కప్పుకుని పోయి పిండేది. అప్పుడు చెల్లెలు దీపం పట్టుకుని పక్కన నిలబడేది. ఇప్పుడు అదే పని చేస్తోంది. ఒకరోజు లేవని గొడ్డు ఒకటి ఆ ఇంట్లో ఉంది. ఇంకెప్పుడూ అలా కాకూడదని రోజూ లేపి చూసుకుంటోంది. అది రోజు రోజుకూ కష్టంగా లేస్తుంటే భయం పెరిగి, ఇంకా ముందుగా లేచి ఇంకోసారి లేపుతోంది.

బండికి చేయవలసిందంతా ముందు చేశాం. పాత ఆయిల్ తీసేశాం. నీళ్లలా కారిపోయింది. ఫిల్టరు మార్చి కొత్త ఆయిల్ పోశాం. పంపు బిగించాం. ప్లగ్గుల మసి రాల్చి, బ్రష్షు కొట్టి, పెట్రోలుతో కడిగి ఆరబెట్టి వేశాం. చోక్ తీగ మీద నూనె చుక్కలు వేసి పిడి సులువుగా వచ్చి పోయేలా చేశాం. తర్వాత మెకానిక్ పక్కన కూర్చుంటే నేను బండిని మెయిన్ రోడ్డు మీద, వేడి చూపే సూది నడిమికి వచ్చి నిలిచేదాకా నడిపి తెచ్చాను. ఇంజన్‌లో వంక పెట్టడానికి ఏమీ లేదు. రేపు పొద్దున చల్లగా ఉన్నప్పుడు కూడా పలుకుతుందా అన్నదే పరీక్ష. అంతవరకు ఎవరూ ముట్టుకోకూడదు. ఇంజన్‌కు అదొక్కటే మందు. ఆ మందు మా చెల్లెలికి ఎలా ఇవ్వాలో నాకు తెలియలేదు.

మెకానిక్ పోతూ పోతూ గేటు దగ్గర ఆగి, "అమ్మకు మెల్లగా చెప్పండి సార్," అన్నాడు. అంతకు మించి హాస్యమాడలేదు.

భోజనాలయ్యాక ముగ్గురం వెనక మెట్ల మీద కూర్చున్నాం. ఒక ప్లగ్గును కడగకుండా పక్కకు పెట్టుకున్నాను, దాని బదులు ఇంకొకటి వేయించాను. దాన్ని చెల్లెలి అరచేతిలో పెట్టాను. ఆమె వేలితో రాసి చూసింది.

"మసి," అంది.

పచ్చి కట్టెలు పెట్టి పొయ్యి ముట్టించి, మంట రాకముందే నీళ్లు చల్లి ఆర్పేస్తే ఏమవుతుందని అడిగాను. పొగ తప్ప ఏమీ రాదు, దాక నల్లబడుతుంది, తర్వాతి రోజు ముట్టించడం ఇంకా కష్టమవుతుంది అంది. చెప్తూ చెప్తూనే ఆగిపోయింది. చేతిలోని దాన్ని చూసింది. బండి వైపు చూసింది, దాని వెనక తాను కొట్టిన సున్నం వైపు చూసింది.

"అంటే ఇన్నాళ్లు నేనే దానికి పొగ పెట్టినానా అన్నా?"

మసి పట్టింది అంతే, కడిగేస్తే పోయింది, ఇంజన్‌కు ఏమీ కాలేదు అన్నాను. అది నిజం కాబట్టి చెప్పగలిగాను. రోజూ లేపి పడుకోబెట్టడం కంటే, వారానికోసారి బయటికి తీసి దూరం తిప్పుకొస్తే చాలునన్నాను. ఆమె తల ఊపింది. కాని ఆమె ఆలోచన అక్కడ లేదు. ప్లగ్గును తిప్పి చూస్తూ అడిగింది.

"అయితే ఆ పొద్దు? అప్పుడు నేను ముట్టుకోనేలేదే. ఆయన చేతిలోనే ఉన్నింది. అది ఏంటికి పలకలేదు?"

ఏడాదిగా ఆ ఇంట్లో ఉన్న మాట అదే. బయటికి వచ్చి మా మధ్య కూర్చుంది. నాకు తెలియదన్నాను. ఆ రోజు ఇంజన్‌ను ఎవరూ విప్పి చూడలేదు. చూడని ఇంజన్ గురించి నేను రిపోర్టు రాయను. బ్యాటరీ కావచ్చు, చలి కావచ్చు. ఇంకొకటి కూడా నా మనసులో ఉంది గాని, నేను దాన్ని పైకి అనలేదు.

అన్నది మేనల్లుడు. అంతసేపూ మాకు వీపు పెట్టి కింది మెట్టు మీద కూర్చున్నాడు.

"నేను మామా. ఎక్సలేటర్ తొక్కి తొక్కి పెట్రోలుతో ముంచేసినాను. పెట్రోలు వాసన నాకు తెలుస్తానే ఉండింది. అయినా తొక్కినాను." అతను వెనక్కి తిరగలేదు. "తర్వాత ఫోన్లో చూసినాను. అట్ల తొక్కకూడదంట. కాసేపు ఆగింటే పలికేదంట. అమ్మ రోజూ తిప్పుతా ఉంటే నాకు వినబడతానే ఉంటుంది. వద్దని చెప్పలేను. చెప్తే అమ్మకు నిద్ర పట్టదు. దుప్పటి కప్పుకుని పడుకుంటాను. బండి ఈడ ఉంటే నేను ఉండలేను మామా."

అమ్మకు అది కావాలి, వాడికి అది పోవాలి. ఇద్దరికీ కారణం ఆ ఒక్క పొద్దే. ఇది నాకు అప్పుడు తెలిసింది.

ముంచి ఉంటే ముంచి ఉంటావు, అన్నాను. కావచ్చు. కాదని చెప్పి నిన్ను ఊరుకోబెట్టలేను. ఇంట్లో మనిషి అలా ఉన్నప్పుడు కాలు ఆగదు. ఇంజన్ల మధ్యనే బతికిన నేనైనా ఆ సీట్లో కూర్చుంటే తొక్కేవాణ్ని. ఆటో వచ్చేదాకా పట్టిన ఆలస్యంతో మీ నాన్న పోయాడో, ఎలాగైనా పోయేవాడో, అది చెప్పగలిగే మీటరు ఏ ఫ్యాక్టరీలోనూ లేదు. నా మాటలు వాడి వీపుకు తగిలి కింద పడుతున్నట్టే అనిపించింది.

మా చెల్లెలు ప్లగ్గును మెట్టు మీద పెట్టింది. మసి చేతిని చీర కొంగుకు తుడుచుకోలేదు, అలాగే పట్టుకుంది.

"నువ్వు ఊరికే తొక్కినావా?" అంది కొడుకుతో. "గడప కాడ నిలబడి అరిచింది ఎవరు? ఇంగా తొక్కప్పా, ఇంగా తొక్కు అని నేనే గదా అరిచింది. నీకు గుర్తు లేదా?"

అతను తిరిగి చూశాడు. గుర్తుందో లేదో ముఖంలో తెలియలేదు. అమ్మ అరిచిన మాట ఏడాదిగా ఆమె దగ్గరే ఉంది, అతను తొక్కిన కాలు అతని దగ్గరే ఉంది. ఒకరికి తెలియకుండా ఒకరు మోశారు. ఆమె మసి చేత్తోనే అతని తల మీద చేయి వేసింది. అతను కదలకుండా కూర్చున్నాడు. నేను లేచి లోపలికి పోయాను. అలాంటప్పుడు ఇద్దరే ఉండాలి.

ఆ సాయంత్రం కారు గురించి ఎవరూ మాట్లాడలేదు. రేపు వచ్చే మనిషి గురించి కూడా మాట్లాడలేదు. తాళం చెవి ఎప్పటిలాగే దేవుడి అల్మరా పక్క మేకుకు వేలాడుతోంది. మా చెల్లెలు దాన్ని తీసి కొడుకు గది గడియకు తగిలించడం చూశాను. రేపు పొద్దున తన చేతికి దొరకకుండా పెట్టుకుందని అప్పుడు అనుకున్నాను.

మర్నాడు ఆదివారం. నేను లేచేసరికి ఆమె అప్పటికే బయట ఉంది. మంచు గేటు దాకా కూడా కనిపించనివ్వడం లేదు. బండి పక్కన నిలబడి, బానెట్ మీద అరచేయి ఆనించి ఉంది. డోరు తీయలేదు. కొంచెంసేపు అలాగే నిలబడి, వచ్చి మెట్టు మీద నా పక్కన కూర్చుని, చేతులు ఒడిలో పెట్టుకుంది.

"సల్లగా ఉండాదన్నా," అంది. "బండలాగా."

చల్లగానే ఉండాలి అన్నాను. పిల్లి ఆ రోజు రాలేదు.

లోపల దీపం వెలిగింది. మేనల్లుడు స్వెటరు వేసుకుని, తాళం చెవి చేతిలో పట్టుకుని వచ్చాడు. మా ఇద్దరినీ దాటుకుని పోయి కార్లో కూర్చున్నాడు. ఏడాది తర్వాత. సీటు ఇంకా అతని నాన్న కాళ్ల పొడవుకే ఉంది. దాన్ని జరుపుకోలేదు. అద్దంలోంచి నా వైపు చూశాడు. నేను దగ్గరికి పోయి, చోక్ సగమే లాగు, కాలు దూరంగా పెట్టుకో అన్నాను. కుడికాలు తీసి సీటు కిందికి మడుచుకోవడం కనిపించింది. తాళం తిప్పాడు.

సెల్ఫ్ తిరిగింది. తిరుగుతూ ఉంది. అతని భుజాలు బిగుసుకున్నాయి. వదిలేస్తాడేమో అనుకున్నాను. అప్పుడు పట్టుకుంది. ముందు బరువుగా, తర్వాత మూడు సిలిండర్లూ సమంగా, కుంటు లేకుండా నిలిచింది. అతను స్టీరింగ్ మీది నుంచి రెండు చేతులూ తీసేసి ఒడిలో పెట్టుకున్నాడు. కొంత ఆగి, నేను చెప్పకుండానే చోక్ పిడిని మెల్లమెల్లగా లోపలికి తోశాడు. శబ్దం దిగింది. వెనక గోడ వైపు చూశాను. వస్తున్నది తెల్లటి ఆవిరి.

మా చెల్లెలు మెట్టు మీది నుంచి లేచింది. అలవాటు ప్రకారం ఇక ఆపేస్తాడని ఎదురుచూస్తోంది. అతను లోపలినుంచే చేయి చాచి పక్క డోరు తెరిచాడు.

"కూర్చోమ్మా."

"యాడికప్పా?"

"అది వేడెక్కేదాకా."

"పొయ్యి గూడా ముట్టించలేదే."

"మామ ముట్టిస్తాడు."

ఆమె నా వైపు చూసింది. నేను గేటు తెరిచాను. బండి వీధిలోకి దిగి, కృష్ణగిరి రోడ్డు వైపు తిరిగింది. మంచులో వెనక దీపాలు కాసేపు ఎర్రగా కనిపించాయి, తర్వాత శబ్దం ఒక్కటే, తర్వాత అదీ లేదు.

నేను లోపలికి పోయి పొయ్యి ముట్టించాను.

పది గంటలకు చెప్పినట్టే ఆ మనిషి వచ్చాడు. మంచి మనిషే. బండి చూడడానికి టార్చి లైటు కూడా తెచ్చుకున్నాడు. కారు ఉండవలసిన చోట నేల మీద ఆయిల్ మరక, గోడ మీద పళ్లెమంత సున్నం తప్ప ఏమీ లేదు.

"బండి యాడ సార్?" అన్నాడు.

బయటికి పోయిందన్నాను.

"ఎంతసేపట్లో వస్తుంది?"

తెలియదన్నాను. కుర్చీ వేసి కాఫీ ఇచ్చాను. అతను తాగి, గేటు వైపు చూస్తూ కొంచెంసేపు కూర్చుని, మళ్లీ ఫోన్ చేస్తానని చెప్పి పోయాడు.